ఇంకో రెండు గ్రెయిన్లు: చలిలో నీరసపడ్డ బరువు తూటాల కేసు

మా గన్ క్లబ్బులో షాట్‌గన్ తూటాలు రీలోడ్ చేయడం, అంటే కాల్చేసిన తూటాల ఖాళీ గుల్లల్ని మళ్ళీ నింపడం, పద్నాలుగేళ్ళుగా నేర్పుతున్నాను. జీతం లేని పని, ఇష్టంతో చేసే పని. ఇన్నేళ్ళలో వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్కటే: "బరువు తూటాకి ఏ మందు వాడాలి?" బరువు తూటా అంటే గుళ్ళు ఎక్కువ నింపినది. జవాబు ఒక మందు డబ్బా పేరులో ఉంటుందని అందరూ అనుకుంటారు. అలా ఉండదని నాకు బాగా అర్థమైంది ఈ కేసులోనే. ఈ సమస్య తెచ్చిన పెద్దాయన అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, తుపాకీ మోడల్, ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

ముందే రెండు మాటలు. ఇదంతా అమెరికాలో జరిగింది. ఇక్కడ సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే మాత్రం కావాలి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. రెండోది, ఇందులో ఎక్కడా మందు తూకం అంకెలు ఇవ్వలేదు. ఆ అంకెలు మందు కంపెనీ తాజా పట్టికలో చూసుకోవాల్సినవి. ఇంకొకరి కథలోంచి తీసుకుని వాడకూడదు.

నేపథ్యం

ఆయనకి యాభై దాటాయి. నేను అన్నగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. తూర్పు కనుమల అంచున ఒక పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి ఉత్తర మైదానాల్లో ఉద్యోగం చేస్తున్నారు. తోటి ఉద్యోగి ఒకతను ఫెజెంట్ వేటకి తీసుకెళ్ళడంతో మొదలై, అది ఏటా శీతాకాలం అలవాటైంది. ఫెజెంట్ అంటే మన నెమలి, కోడి కుటుంబానికి చెందిన పక్షి. మొక్కజొన్న చేల గట్ల వెంట గడ్డిలో దాక్కుంటుంది. సీజన్ మొదట్లో దగ్గర నుంచే లేస్తుంది. డిసెంబరు వచ్చేసరికి మనిషి అలికిడి బాగా తెలిసిపోయి, దూరం నుంచే లేచిపోతుంది. అందుకే ఆఖరి నెలల్లో చాలామంది బరువు తూటాలు వాడతారు.

ఆయనది 12 గేజ్ (గొట్టం లావు కొలత) పంప్ తుపాకీ. రెండు ముప్పావు అంగుళాల తూటాలో ఔన్సు మీద మూడు ఎనిమిదో వంతుల, అంటే 39 గ్రాముల, రాగిపూత వేసిన 5 నంబరు సైజు సీసపు షాట్, అంటే గుళ్ళు, నింపుకునేవారు. సొంతదారుల అనుమతితో ప్రైవేటు చేలల్లో మాత్రమే వేటాడతారు కాబట్టి సీసం వాడగలిగారు. నీటిపక్షుల కోసం కేటాయించిన ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో అయితే సీసం కుదరదు. నీటిపక్షుల వేటకి దేశమంతటా 1991 నుంచే నిషేధం.

ఇంకో సంగతి కూడా ఈ కేసుకి ముఖ్యం. ఆయన తాతగారికి పంటల కాపలా కోసం లైసెన్సుతో బర్మారు తుపాకీ ఉండేది. నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) పోసి, గజంతో దట్టించి కాల్చేవాటిని మా వైపు బర్మారు అంటారు. పిట్టకి ఒక చిట్టి, పందికి రెండు చిట్లు పోసేవారని ఆయన చిన్నప్పుడు చూశారు. "మందు పెంచితే దెబ్బ పెరుగుతుంది" అన్నది ఆయనకి పుస్తకంలో చదివిన మాట కాదు, కళ్ళతో చూసినది. ఆ నమ్మకం ఎంత లోతుగా నాటుకుందో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆయన తెచ్చిన సమస్య

డిసెంబరు మధ్యలో ఫోన్ చేశారు.

"తమ్ముడూ, అక్టోబరులో బంగారంలా పేలిన తూటాలు ఇప్పుడు నీరసపడిపోయాయి. మొన్న మైనస్ పదిహేను చలిలో రెండు బుస్సుమన్నాయి. ఒక పుంజు దెబ్బ తిని కూడా ఎగిరిపోయింది, గంటసేపు వెతికినా దొరకలేదు. మందు చాలట్లేదు. ఇంకో రెండు గ్రెయిన్లు పెంచుదామనుకుంటున్నా, ఏమంటావ్?"

గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. మన కంసాలులు గురిగింజలతో తూచినట్టు, వీళ్ళ పూర్వులు బార్లీ గింజతో తూచారు. ఆయన అడిగిన రెండు గ్రెయిన్లు దాదాపు ఒక గురిగింజ ఎత్తు. వినడానికి అది చాలా చిన్నది. తూటాలో అది చిన్నది కాదు.

నేను మొదట అడిగింది మందు గురించి కాదు. "ఆ రెండోసారి బుస్సుమన్నాక ఏం చేశారండీ?" అన్నాను.

"వెంటనే ఇంకోటి ఎక్కించి కాల్చాను."

అక్కడే నా గుండె జారింది. నీరసంగా పేలిన తూటాలో షాట్ బయటికి పోయి, ప్లాస్టిక్ వాడ్ మాత్రం గొట్టం మధ్యలో ఇరుక్కుపోవచ్చు. వాడ్ అంటే మందుకీ షాట్‌కీ మధ్య ఉండే గిన్నెలాంటి ముక్క. దాని వెనక ఇంకో తూటా పేలితే గొట్టం అక్కడే పగులుతుంది. తుపాకీ ముందు భాగం పట్టుకునే ఎడమచేయి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆయన అదృష్టం, వాడ్ ఇరుక్కోలేదు. శబ్దం తేడాగా వస్తే వెంటనే ఆపి, తూటాలన్నీ తీసేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే మళ్ళీ కాల్చాలని ఆ ఫోన్‌లోనే చెప్పాను. ఆ తూటాలేవీ ఇక కాల్చవద్దన్నాను. "తూటాలు నింపే ప్రెస్సు, మందు డబ్బా, మిగిలిన తూటాలు, మీరు చూసి నింపిన పట్టిక, నాలుగూ తీసుకుని శనివారం రండి" అన్నాను.

నిర్ణయానికి ముందు కాస్త వివరం

షాట్‌గన్ మందుల్లో తేడా ప్రధానంగా మండే వేగంలో ఉంటుంది. మన పొయ్యిలో తాటాకు వేస్తే భగ్గున మండి ఆరిపోతుంది. తుమ్మ మొద్దు నెమ్మదిగా అంటుకుని చాలాసేపు మండుతుంది. రెడ్ డాట్ లాంటి మందులు తాటాకు జాతి, తేలికపాటి టార్గెట్ తూటాలకి బాగుంటాయి. గ్రీన్ డాట్, యూనిక్, హెర్కో వరసగా ఇంకొంచెం నెమ్మది. లాంగ్‌షాట్, బ్లూ డాట్ లాంటివి బరువు తూటాలకి వాడే నెమ్మది మందులు.

బరువు షాట్‌కి నెమ్మది మందే ఎందుకంటే, షాట్ బరువు పెరిగేకొద్దీ దాన్ని కదిలించడం కష్టమవుతుంది. తాటాకు మందు అయితే షాట్ కదిలేలోపే వాయువంతా పుట్టేసి ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 12 గేజ్ రెండు ముప్పావు అంగుళాల తూటాకి ఇక్కడి పరిశ్రమ సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ సగటు ఒత్తిడి 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మన కారు టైరులో ఉండేది 32, 35. నెమ్మది మందు ఆ గీత దాటకుండా, గొట్టం వెంట చాలాసేపు నెడుతూ వేగం తెస్తుంది.

అయితే తుమ్మ మొద్దుకి ఒక బలహీనత ఉంది. పొయ్యి వేడెక్కకపోతే అది అంటుకోదు, పొగ పెట్టి ఊరుకుంటుంది. నెమ్మది మందు కూడా అంతే. తగినంత ఒత్తిడి, వేడి త్వరగా అందితేనే పూర్తిగా కాలుతుంది. అందకపోతే సగం కాలి, మిగిలింది గొట్టంలో నూకలా పడి ఉంటుంది. ఈ కేసంతా ఆ "అంటుకోవడం" చుట్టూనే తిరిగింది.

శనివారం బల్ల మీద

మొదట ఆయన తుపాకీ గొట్టాన్ని తెల్ల కాగితం మీద తట్టాను. లేత పసుపు, బూడిద రంగు రేకులు పడ్డాయి. చిటికెడు కంటే ఎక్కువే. వేలితో నలిపితే గట్టిగా, అంచులు మాత్రమే మాడి ఉన్నాయి. మందు తక్కువై ఇలా జరిగిందా, ఉన్న మందు కాలక జరిగిందా అంటే రెండోదేనని ఆ కాగితమే చెప్పింది. మొద్దు అంటుకోకపోతే పొయ్యిలో ఇంకో మొద్దు కుక్కి లాభం ఏముంది? అన్నగారికి ఆ మాటే చెప్పాను. ఆయన కాగితం వైపు చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు.

తర్వాత తూకం. ప్రెస్సులో మందు కొలిచేది బుషింగ్ అనే చిన్న లోహపు గొట్టం. అది ఘనపరిమాణంతో కొలుస్తుంది, బరువుతో కాదు. ఏ నంబరు బుషింగ్ ఎన్ని గ్రెయిన్లు పోస్తుందో ఒక చార్టు ఉంటుంది. ఆయన చార్టు నమ్మి, ఏనాడూ త్రాసు మీద పెట్టలేదు. పదిసార్లు పోసి పది తూచాం. సగటు పట్టికలో ఉండాల్సినదానికంటే దాదాపు 4 శాతం తక్కువ వచ్చింది. అంతకంటే నన్ను కలవరపెట్టింది ఒక్కో తూకానికీ మధ్య తేడా. అది పెద్ద రేకుల మందు. రేకులు గొట్టంలో అడ్డం పడితే పైన ఉన్నది కిందికి జారదు.

మూడోది ప్రైమర్, అంటే తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న టోపీ. పట్టికలో ఉన్నది బలమైన రకం. మార్కెట్లో ప్రైమర్లు దొరకని రోజుల్లో ఆయన వేరే మెత్తటి రకం కొని వాడారు. "అన్నీ 209లే కదా" అన్నారు. 209 అనేది సైజు పేరు మాత్రమే. అదే సైజులో ఒకటి అగ్గిపుల్లలా, ఇంకొకటి కాగడాలా అంటించగలవు. ఒక్క ప్రైమర్ మార్పుతో ఒత్తిడి వేల పీఎస్ఐ పైకో కిందికో పోగలదు.

నాలుగోది మడత. తూటా మూతిని ఆరు లేదా ఎనిమిది మడతలుగా ముడుస్తారు, దాన్నే క్రింప్ అంటారు. అది గట్టిగా ఉంటే మందు అంటుకునేదాకా షాట్‌ని ఆపి ఉంచుతుంది. ఆయన గుల్లలు ఏడెనిమిదిసార్లు నింపినవి. మడతల దగ్గర ప్లాస్టిక్ మెత్తబడి, నడుమ గోరు దూరేంత కంత కనబడుతోంది.

ఐదోది నేను వెతకనిది, అనుకోకుండా బయటపడింది. ఆయన గుల్లల బకెట్లో రంగూ పేరూ ఒకలా ఉన్న గుల్లలు రెండు రకాలున్నట్టు అనిపించి, రెండింటిని కత్తితో నిలువునా చీల్చాను. ఒకదాని గోడ అడుగుకి వచ్చేకొద్దీ మందమవుతూ, లోపలి చోటు ఇరుకవుతూ ఒకే ముక్కగా ఉంది. రెండోదాని గోడ నిటారుగా ఉండి, అడుగున విడిగా పెట్టిన బేస్ వాడ్ ఉంది. లోపలి చోటు రెండింటిలో వేరు. ఒకదానికి రాసిన పట్టిక రెండోదానికి చెల్లదు. చీల్చిన గుల్లలు పక్కపక్కన పెట్టి చూపించాక అన్నగారు, "బయట నుంచి చూస్తే అన్నదమ్ములు, లోపల ఏ బంధుత్వమూ లేదు" అన్నారు.

పట్టికలో ఒక వరస అంటే గుల్ల, ప్రైమర్, వాడ్, మందు, షాట్ అన్నీ కలిపి ల్యాబులో పేల్చి చూసిన ఒక్క జట్టు. ఆయన ఆ వరసలో రెండు మార్చారు, ఒకటి తూచలేదు, ఒకటి అరగదీశారు. విచిత్రం ఏమిటంటే అన్ని లోపాలూ ఒకే వైపు లాగాయి, ఒత్తిడి తగ్గే వైపు. అక్టోబరు ఎండలో మందు అంచు మీద నిలబడింది. డిసెంబరు చలి ఆ అంచు మీంచి తోసేసింది. చలిలో మందు మండే వేగం తగ్గుతుంది, ప్లాస్టిక్ వాడ్ బిగుసుకుని గొట్టం గోడకి సరిగా అతుక్కోదు.

ఆయన అనుకున్నట్టు రెండు గ్రెయిన్లు పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ చలిలో బహుశా కొంచెం మెరుగయ్యేది. ఆయన నమ్మకం గట్టిపడేది. వచ్చే అక్టోబరుకి బలమైన ప్రైమర్ మళ్ళీ దొరికి, కొత్త గుల్లల్లో, ఎండలో అదే పెంచిన తూకం వేసి ఉంటే, అప్పుడు అన్నీ అవతలి వైపు లాగేవి. ఆ తూటా ఒత్తిడి ఎంతో చెప్పగల పట్టిక ఎక్కడా లేదు. ఇంట్లో ఒత్తిడి కొలిచే సులువైన దారీ లేదు. రైఫిల్ వాళ్ళలా ప్రైమర్ చదునైందా అని చూసి చెప్పే గుర్తులు షాట్‌గన్‌లో నమ్మదగ్గవి కావు.

మేం చేసింది, అందులో నా పొరపాటు

మందు మార్చకుండా ముందు వరసని సరిచేద్దామన్నాను. కారణం సులువే: ఒకేసారి అన్నీ మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఒక్కసారే కాల్చిన ఒకే రకం గుల్లలు, పట్టికలో ఉన్న ప్రైమర్, అదే వాడ్ తెచ్చాం. బుషింగ్ మార్చి, త్రాసు మీద పట్టిక తూకానికి సరిచేశాం. క్రింప్ గట్టిగా, కంత లేకుండా వచ్చేదాకా ప్రెస్సు సర్దాం.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌కి వాడ్ తగలకుండా ముందు ఇనుప రేకు అడ్డం పెట్టి రేంజ్‌లో పరీక్షించాం. పోల్చి చూడటానికి మాత్రం ఆయన పాత తూటాల్లో పన్నెండింటిని ఇంటి వెచ్చదనంలో ఉంచి, గుల్లా క్రింపూ బాగున్నవే ఏరి, నా పర్యవేక్షణలో ఒక్కొక్కటే ఎక్కించి కాల్చాం. ప్రతి తూటా తర్వాత గొట్టం చూశాం. సగటు సెకనుకు 1,240 అడుగులు. పట్టిక చెప్పింది 1,295. సరిచేసిన కొత్త తూటాలు ఆ రోజు 1,280 ఇచ్చాయి, గొట్టంలో రేకులు దాదాపు లేవు. నేను సంతోషించాను. "సమస్య తీరింది అన్నగారూ, నిశ్చింతగా వెళ్ళండి" అన్నాను.

తీరలేదు. ఆ రోజు రేంజ్‌లో చలి మైనస్ నాలుగు. పది రోజుల తర్వాత ఆయన చేలోకి వెళ్ళిన ఉదయం మైనస్ పంతొమ్మిది. పాతికలో రెండు తూటాలు మళ్ళీ నీరసంగా పేలాయి. ఈసారి ఆయన ఆగారు, గొట్టం చూశారు, రెండోసారి వేట మానేసి ఇంటికొచ్చేశారు. ఫోన్‌లో ఆయన గొంతులో కోపం లేదు, "నువ్వు చెప్పినట్టే గొట్టం చూశాను తమ్ముడూ, వాడ్ లేదు" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తూటా ఏ చలిలో పనిచేయాలో ఆ చలిలో నేను పరీక్షించలేదు. ఆయన సమస్యే చలి అని తెలిసి కూడా, ఇంటి నుంచి వెచ్చని కారులో తెచ్చిన తూటాలతో పరీక్ష ముగించాను. ఈ కేసులో పెద్ద తప్పు నాదే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. తూటాలు తాళం వేసిన పెట్టెలో, వేడి లేని గరాజ్‌లో రాత్రంతా ఉంచి, ఉదయం ఐస్ బాక్సులో పెట్టి రేంజ్‌కి తెచ్చి, తీసిన వెంటనే కాల్చడం. మైనస్ పదిహేడులో సరిచేసిన తూటాల సగటు 1,205కి పడిపోయింది, అన్నిటికంటే తక్కువది 1,090. వరస మొత్తం పట్టిక ప్రకారమే ఉంది. అంటే ఇక మిగిలింది మందు. ఆయన వాడకానికి అది సరిపడని మందు. అక్టోబరు వేటగాడికి అదే మందు చక్కగా సరిపోతుంది, అందుకే దాని పేరు రాయడం లేదు.

కాగితం మీదే వదిలేసిన దారులు

మూడు దారులు బల్ల మీదికొచ్చాయి. అన్నగారి స్నేహితుడొకరు 1980ల నాటి పుస్తకం తెచ్చి, అందులో అదే మందుకి ఎక్కువ తూకం ఉందని చూపించారు. ఆ పుస్తకంలో ఒత్తిడి ఎల్‌యూపీ అనే పాత కొలతలో ఉంది. సీసపు ముక్క ఎంత నలిగిందో చూసి లెక్కగట్టే పద్ధతి అది. ఈనాటి పీఎస్ఐ అంకెతో నేరుగా పోల్చకూడదు. పైగా అందులోని గుల్ల, వాడ్ ఇప్పుడు ఆ రూపంలో రావు. ఆ పుస్తకం పక్కన పెట్టేశాం.

రెండోది, సులువుగా అంటుకునే వేగవంతమైన మందు. చలిలో తాటాకు చక్కగా అంటుకుంటుంది కదా అన్న ఆలోచన మంచిదే. కానీ పట్టికలు తిప్పి చూస్తే, ఆ బరువు షాట్‌కి ఆ మందులు ఒకటీ అరా తప్ప వరసలే లేవు, ఉన్నవి కూడా తక్కువ వేగానికే ఒత్తిడి గీత దగ్గరికి వచ్చేస్తున్నాయి. కంపెనీ వరస ఇవ్వలేదంటే ఎవరూ ప్రయత్నించలేదని కాదు. చాలాసార్లు ప్రయత్నించి, అంకెలు చూసి మానుకున్నారని అర్థం. పట్టికలో ఖాళీని నేను వద్దనే మాటగానే చదువుతాను.

మూడోది మండే వేగాల జాబితా. ఇంటర్నెట్‌లో వందకు పైగా మందులు వరసగా పేర్చిన జాబితాలు దొరుకుతాయి. ఒకదాని పక్కన ఉన్నదాన్ని అదే తూకంలో వేయవచ్చని కొందరు నమ్ముతారు. ఆ జాబితా ఏ దిక్కుకి నడవాలో చెబుతుంది, ఎన్ని అడుగులు వేయాలో చెప్పదు.

పనిచేసింది

మేం వెతికింది ఇలాంటి మందు: ఆయన షాట్ బరువుకి, మా దగ్గరున్న గుల్లకి, ఆ వాడ్‌కి, బజారులో దొరికే ప్రైమర్‌కి కలిపి తాజా పట్టికలో వరస ఉండాలి. పాత మందుకంటే ఒక మెట్టు వేగంగా ఉండాలి. ఆ వరస ఒత్తిడి మరీ అడుగున ఉండకూడదు, ఎందుకంటే అడుగున ఉన్న ఒత్తిడిని చలి ఇంకా కిందికి లాగుతుంది. గీతకి ఆనుకునీ ఉండకూడదు. చాలామంది పట్టికలో చూపు ముందు వేగం గడి మీదికి పోతుంది. నేను అన్నగారి చేత ఆ గడిని కాగితం ముక్కతో మూయించి, ఒత్తిడి గడి ఒక్కటే చదివించాను. అలా చూస్తే ఐదు వరసల్లో రెండే మిగిలాయి.

ఆ రెంటిలో ఒకటి బాల్ రకం మందు. సన్నని గుండ్రటి గింజలు, ఆవాలకంటే చాలా చిన్నవి. అదే ఎంచుకోవడానికి రెండో కారణం కూడా ఉంది. బుషింగ్‌లోంచి నీళ్ళలా జారుతుంది, అడ్డం పడదు. పదిసార్లు తూచితే తేడా పాత మందుతో పోలిస్తే చాలా తగ్గింది. ఇబ్బంది ఒకటే, ప్రెస్సు పట్టీ సందుల్లోంచి గింజలు కారుతుంటాయి, బల్ల మీద ఎప్పటికప్పుడు తుడవాలి.

వేగం పట్టికలో 1,260. అన్నగారికి మొదట నచ్చలేదు, "పాతదానికంటే 35 అడుగులు తక్కువ కదా" అన్నారు. "పట్టికలో తక్కువండీ, మీ చేలో ఎక్కువ" అన్నాను. వెచ్చగా ఉన్నప్పుడు సగటు 1,255 వచ్చింది. గరాజ్‌లో రాత్రంతా గడ్డకట్టినవి 1,235. అన్నిటికంటే తక్కువది 1,214. కాగితం మీద తట్టితే గొట్టంలోంచి మసి పొడి తప్ప ఏమీ పడలేదు. ఆ ఉదయం అన్నగారు చేతి గ్లవ్ తీసి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం నాకింకా గుర్తు.

షాట్ బరువు సంగతి

మందు కుదిరాక అడిగిన ప్రశ్నని నిజానికి మొదట అడిగి ఉండాల్సింది: అసలు అంత బరువు అవసరమా? నలభై గజాల దూరంలో పెద్ద కాగితాలు కట్టి, ముప్పై అంగుళాల వృత్తంలో పడిన కంతలు లెక్కపెట్టాం. 5 నంబరు సీసం ఔన్సుకి దాదాపు 170 గుళ్ళు. ఆయన బరువు తూటాలో 234, ఔన్సుంపావు తూటాలో 212. ఒక్కో రకానికి ఐదు కాగితాలు. వృత్తంలో సగటున పడ్డవి 147, 141. ఇరవై రెండు గుళ్ళు అదనంగా మోస్తే, వాటిలో పక్షి దాకా సరిగ్గా చేరినవి ఆరు. భుజానికి తన్ను మాత్రం బరువు తూటాలోనే స్పష్టంగా ఎక్కువ.

షాట్ తగ్గిస్తే మందుల ఎంపిక ఒక్కసారిగా విశాలమవుతుంది. ఔన్సుంపావుకి పట్టికలో వరసలు రెట్టింపు కంటే ఎక్కువ ఉన్నాయి, అందులో మధ్య ఒత్తిడిలో హాయిగా కాలేవి చాలా ఉన్నాయి. బరువు తూటాకి మందు అడుగుతూ వచ్చేవాళ్ళకి ఇప్పుడు నేను ముందు కాగితం, పెన్సిలు ఇచ్చి కంతలు లెక్కపెట్టమంటున్నాను. అన్నగారు బరువు తూటా పూర్తిగా వదల్లేదు. గాలి గట్టిగా వీచే జనవరి రోజులకని కొన్ని ఉంచుకున్నారు, మిగతా సీజనంతా ఔన్సుంపావే.

"తాతయ్య మందు కొలిచింది చిట్టితో, నువ్వు పట్టికతో" అని ఒకరోజు అన్నారు. తాతగారి నల్ల తుపాకీ మందు, ఈనాటి పొగరాని మందు రెండూ వేరే జాతులని అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. తూటా డబ్బాల మీద ఇప్పటికీ "3¾ డ్రామ్" అని ఉంటుంది. అది అంత నల్ల తుపాకీ మందు ఇచ్చే వేగానికి సమానమని చెప్పే పాత గుర్తు. డ్రామ్ అంటే 27 గ్రెయిన్ల పైమాట. ఆ లెక్కన వంద గ్రెయిన్లు దాటుతుంది. అంత పొగరాని మందు ఎవరైనా పోస్తే తుపాకీ చేతుల్లోనే పగిలిపోతుంది. ఆయన ఆ మాట విని డబ్బా పక్కన పెట్టి, తన మనవడికి ఈ పని నేర్పేటప్పుడు మొదట ఇదే చెబుతానన్నారు.

మిగిలిన తూటాలు

పాత తూటాలు ఎనభై ఆరు మిగిలాయి. వేసవిలో కాల్చేస్తే పోతుంది కదా అని ఆయన అడిగారు. లోపల ఏముందో తెలియని తూటాని ఏ వాతావరణంలోనూ కాల్చకూడదు, అందుకే నేను ఒప్పుకోలేదు. ఒక ఆదివారం వాళ్ళ గరాజ్‌లో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కదాని మూతి కోసి విడదీశాం. షాట్ జల్లెడ పట్టి దాచుకున్నారు. మందు తిరిగి డబ్బాలో కలపలేదు, పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేశాం. ప్రైమర్ ఉన్న గుల్లల్ని తర్వాత రేంజ్‌లో తుపాకీలో పెట్టి పేల్చేశాం.

ప్రతి తూటాలోని మందునీ త్రాసు మీద పెట్టాను. చాలావరకు అనుకున్నట్టే కొంచెం తక్కువ ఉన్నాయి. డెబ్బై ఒకటో తూటాలో ఉండాల్సినదానిలో సగానికి కాస్త పైన మాత్రమే ఉంది. దాని తర్వాత విప్పినదాంట్లో మిగిలిన సగం అదనంగా ఉంది. ఒక తూటా దగ్గర గొట్టంలో అడ్డం పడిన రేకులు, తర్వాతి తూటాలోకి జారినట్టున్నాయి. రెండు కుప్పల్నీ పక్కపక్కన తెల్ల కాగితం మీద పోశాను. అన్నగారు పెద్ద కుప్పకేసి వేలు చూపించి, "దీనిమీద ఇంకో రెండు గ్రెయిన్లు వేద్దామన్నాను కదా" అన్నారు. లేచి వెళ్ళి త్రాసుని ప్రెస్సు పక్కనే బల్లకి స్క్రూలతో బిగించేశారు.